షేక్ నాజర్

షేక్ నాజర్ (ఫిబ్రవరి 5, 1920 – ఫిబ్రవరి 22, 1997) సుప్రసిద్ధ బుర్రకథ కళాకారుడు, కథారచయిత, గాయకుడు, నటుడు. బుర్రకథ పితామహుడుగా ఆంధ్రదేశమంతటా ప్రసిద్ధి పొందాడు. పూర్తి పేరు షేక్ నాజర్ వలీ. గుంటూరు జిల్లాలో దూదేకుల కుటుంబంలో పుట్టి, కడు పేదరికంలో పెరిగి, బాల్యంలో నాటకాలలో స్త్రీ పాత్రలు ధరించి, యౌవనంలో ప్రజానాట్యమండలి ద్వారా బుర్రకథలోనికి ప్రవేశించాడు. అంతకుముందు కొన్ని కులాలవారికి జీవనాధారంగా, భిక్షాటనకు తోడుగా ఉన్న ఒక జానపద కళను వేలాది జనం కూర్చుని వినే సభాకళగా మార్చినవారిలో ఈయన అగ్రగణ్యుడు. 1986లో భారత ప్రభుత్వం పద్మశ్రీ పురస్కారంతో సత్కరించింది. ఈయన ఆత్మకథ పింజారి అనే పేరుతో వెలువడింది.

జననం, కుటుంబ నేపథ్యం

నాజర్ 1920 ఫిబ్రవరి 5న గుంటూరు జిల్లా తాడికొండ మండలంలోని పొన్నెకల్లు గ్రామంలో జన్మించాడు. తండ్రి పేరు షేక్ మస్తాన్.

నాజర్ జీవితాన్ని అర్థం చేసుకొనుటకు ఆయన పుట్టిన కులాన్ని గురించి కొంత తెలుసుకొనవలసి ఉన్నది. గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి నేలలు ప్రత్తికి ప్రసిద్ధి. యంత్రాలు రాకముందు గింజ తీసిన ప్రత్తిని వింటివంటి సాధనంతో ఏకి, దూదిగా చేసి, పరుపులకూ నూలు వడకడానికీ అందించే వృత్తివారు ఊరూరా ఉండేవారు. దూదిని ఏకేవారు కనుక దూదేకులవారు అనీ, పింజారులు అనీ వీరికి పేర్లు వచ్చాయి. మతరీత్యా వీరు ముస్లిములు. మాతృభాష తెలుగు. పేర్లలోను, ఆచార వ్యవహారాలలోను రెండు మతాల సంప్రదాయాలు కలగలసి కనిపిస్తాయి. అందువలన రెండు సమాజాలలోను వీరికి చాలాకాలం సమాన గౌరవం దక్కలేదు. హిందువులు వీరిని తురకలుగా చూడగా, ఉర్దూ మాట్లాడే ముస్లిములు తమకంటె తక్కువవారిగా చూసేవారు. పింజారి అనే వృత్తిపదం తెలుగునాట తిట్టుగా కూడా వాడుకలోనికి వచ్చింది. మిల్లులు వచ్చిన తరువాత ఏకుడు పని సన్నగిల్లి, ఈ కులంవారు అనేకులు కూలిపనులకు, ఇతర వృత్తులకు మళ్ళారు.

ఐతే ఈ ప్రాంతపు తెలుగు ముస్లిములకు సంగీతంతో గాఢమైన అనుబంధం ఉన్నది. దేవాలయోత్సవాలలో, వివాహాలలో నాదస్వరం వాయించే విద్వాంసులు వీరిలో ఎందరో ఉన్నారు. ప్రకాశం జిల్లా కరవదికి చెందిన నాదస్వర విద్వాంసుడు షేక్ చిన మౌలానా దేశవ్యాప్తమైన కీర్తిని ఆర్జించాడు. కులవృత్తి క్షీణించినా గాత్రము, వాద్యము వారసత్వంగా మిగిలిన సమాజంలో నాజర్ పుట్టాడు.

నాటకరంగం, సంగీత శిక్షణ

నాజర్ బాల్యంలోనే చక్కని కంఠం కలవాడుగా గుర్తింపు పొందాడు. అది ఆంధ్రదేశంలో పద్యనాటకాలకు స్వర్ణయుగం. స్త్రీలు రంగస్థలం ఎక్కడం అరుదు కనుక, మంచి గొంతు, రూపం కల బాలురకు నాటక సమాజాలు స్త్రీ పాత్రలు ఇచ్చేవి. నాజర్ ఆ విధంగా బాలనటుడుగా నాటకాలలో ప్రవేశించాడు. కృష్ణలీలలులో దేవకి, శ్రీకృష్ణ తులాభారంలో రుక్మిణి, పాదుకా పట్టాభిషేకంలో కైకేయి వంటి పాత్రలు ధరించి ప్రేక్షకుల మెప్పు పొందాడు. ముస్లిం కుటుంబంలో పుట్టిన బాలుడు దేవకి, రుక్మిణి వేషాలలో పౌరాణిక పద్యాలు పాడగా పల్లె ప్రజలు భక్తితో విన్నారు.

నాటకానుభవం వలన నాజర్‌కు రెండు లాభాలు కలిగాయి. మొదటిది పద్యాన్ని భావం చెడకుండా, చివరి వరుసలోని ప్రేక్షకునికి కూడ మాట స్పష్టంగా వినబడేటట్లు పాడగల నేర్పు. రెండవది అభినయం. తరువాతి కాలంలో ఒకే వ్యక్తిగా నిలబడి రాజుగా, సేనానిగా, తల్లిగా, భార్యగా క్షణక్షణం మారిపోగల శక్తికి ఈ స్త్రీ పాత్రలే పునాది వేశాయి.

శాస్త్రీయ సంగీతం నేర్వవలెననే కోరికతో నాజర్ నరసరావుపేట చేరి మురుగుళ్ళ సీతారామయ్య వద్ద శిక్షణ పొందాడు. అన్నవస్త్రాలకే ఇబ్బంది పడుతూ సాగించిన విద్య అది. పేదరికం వలన ఆ శిక్షణ ఆయన ఆశించినంతకాలం సాగలేదు. ఐనప్పటికీ స్వరజ్ఞానం, తాళజ్ఞానం అలవడ్డాయి. జానపద బాణీలను సంగీతజ్ఞుల సభలో కూడా నిలబెట్టగల ధైర్యం ఆయనకు ఈ చదువు వలన వచ్చింది.

బుర్రకథ పూర్వరూపం

నాజర్ చేసిన కృషిని అంచనా వేయుటకు ఆయనకు ముందు ఈ కళ ఎట్లుండెనో తెలియాలి. బుర్రకథకు జంగం కథ, తంబుర కథ, తందాన కథ, శారద కథ అనే పేర్లు కూడా ఉన్నాయి. జంగాలు మొదలైనవారు కుటుంబంతో ఊరూరా తిరుగుతూ ఈ కథలు చెప్పేవారు. భర్త కథకుడుగా, ఇంటి స్త్రీలు వంతలుగా ఉండడం సాధారణం. పంటలు చేతికి వచ్చిన కాలంలో ఊరి నడుమ కథ చెప్పి, మరునాడు ఇంటింటికి తిరిగి ధాన్యమో, పాతబట్టలో స్వీకరించి వెళ్ళేవారు. కథ విన్నవారే కథకుని భిక్షకునిగా చూసేవారు. కళకు ఆదరణ ఉన్నది కాని కళాకారునికి గౌరవం లేదు.

వీరగాథలు వినడం ఈ ప్రాంత ప్రజలకు శతాబ్దాల అలవాటు. వినుకొండ వల్లభరాయుని పేరిట ఉన్న క్రీడాభిరామంలో ఓరుగల్లు వీధులలో పల్నాటి వీరుల కథను వాద్యాలతో, వీరావేశంతో పాడే దృశ్యం వర్ణించబడింది. అనగా ఐదారు వందల సంవత్సరాల క్రితమే ఈ కథ పల్నాడు దాటి రాజధానికి చేరినదన్నమాట. కారంపూడిలో కార్తీకమాసంలో జరిగే వీరుల ఉత్సవాలలో వీరవిద్యావంతులు ఈ గాథలను నేటికీ గానం చేస్తారు.

బుర్రకథలో సాధారణంగా ముగ్గురు ఉంటారు. నడుమ నిలిచేవాడు కథకుడు. భుజంపై తంబుర ఆనించుకొని ఒక చేత మీటుతాడు. రెండవ చేతి వ్రేళ్ళకు అందెలు తొడుగుకొని తాళం వేస్తాడు. కాళ్ళకు గజ్జెలు, తలపాగా, నిలువుటంగీ, నడుముకు పట్టీ అతని వేషం. ఇరుప్రక్కల నిలిచే వంతలు డక్కీలు, అనగా గుమ్మెటలు వాయిస్తూ పల్లవి అందుకొంటారు. వారిలో ఒకరు హాస్యం, మరొకరు రాజకీయం చెబుతారు. హాస్యగాడు కథలోని బరువును తేలిక చేస్తాడు. రాజకీయం చెప్పేవాడు పాత కథను నేటి లోకవ్యవహారానికి ముడిపెట్టి ప్రశ్నలు వేస్తాడు. కథకుడు సమాధానం చెబుతూ కథ నడుపుతాడు. ఆదిభట్ల నారాయణదాసు తీర్చిదిద్దిన హరికథలో ఒక్కరే కథ నడపగా, బుర్రకథలో ముగ్గురి సంభాషణ ఉండడం ముఖ్యమైన భేదం. ప్రేక్షకుని మనసులో మెదిలే సందేహాన్ని వంతే అడుగుతాడు కనుక, నిరక్షరాస్యులకు సైతం విషయం సులభంగా బోధపడుతుంది.

ప్రజానాట్యమండలిలో

1942లో కమ్యూనిస్టు పార్టీపై నిషేధం తొలగిన తరువాత గుంటూరు, కృష్ణా జిల్లాలలో ఆ పార్టీ సాంస్కృతిక కార్యక్రమాలు ముమ్మరమయ్యాయి. 1943లో బొంబాయిలో అఖిల భారత ప్రజానాట్య సంఘం ఏర్పడగా, ఆంధ్రలో దానికి అనుబంధంగా ప్రజానాట్యమండలి పనిచేసింది. డాక్టర్ గరికపాటి రాజారావు దీనికి సారథి. బుర్రకథ, వీధిభాగవతం, గొల్లసుద్దులు, పిచ్చుకకుంట్ల కథ వంటి ప్రాచీన రూపాలలో యుద్ధము, కరువు, రైతుకూలీల సమస్యలు, స్వాతంత్ర్యం వంటి క్రొత్త విషయాలను చెప్పాలన్నది వీరి ఉద్దేశం. సుంకర సత్యనారాయణ రచించిన కష్టజీవి బుర్రకథ ఈ ఒరవడిలో వచ్చిన ప్రసిద్ధ రచన.

గుంటూరు జిల్లాలో వేములపల్లి శ్రీకృష్ణ వంటి నాయకుల ప్రోత్సాహంతో బుర్రకథ దళాలు ఏర్పడ్డాయి. కమ్యూనిస్టు పార్టీ సానుభూతిపరుడైన నాజర్ ఈ కళలోనికి వచ్చి కొద్దికాలంలోనే ప్రధాన కథకుడయ్యాడు. నాటకాలలో పద్యాలు పాడిన గొంతు, నరసరావుపేటలో నేర్చిన సంగీతం, చిన్ననాటి నుండి అనుభవించిన పేదరికం మూడూ ఇక్కడ ఒకచోట కలిశాయి.

ఈ ఉద్యమం వలన కలిగిన ముఖ్య ఫలితం బుర్రకథ కులవృత్తి కాకుండా పోవడం. రైతులు, చదువుకున్న యువకులు, వివిధ కులాలవారు దళాలు కట్టారు. మోటూరు ఉదయం మొదలైన స్త్రీలు కూడా దళంగా ఏర్పడి సభలలో బుర్రకథలు చెప్పారు. అంతవరకు ఇంటింటి భిక్షకు తోడుగా ఉన్న కళను గౌరవ కుటుంబాలవారు వేదికపై ప్రదర్శించడం ఆనాడు చిన్న విషయం కాదు.

కథాకథనంలో తెచ్చిన మార్పులు

నాజర్ ఇతరులు వ్రాసినది వల్లించడంతో సరిపెట్టుకొనక స్వయంగా కథలు రచించి, బాణీలు కట్టుకొని, పాడి, ఆడి ప్రదర్శించాడు. రచన, సంగీతం, గానం, వాద్యం, నృత్యం, అభినయం అన్నింటిపై ఒకే వ్యక్తికి అధికారం ఉండడం అరుదు. ఆయన కథనంలోని విశేషాలను ఈ క్రింది విధంగా చెప్పవచ్చు.

* సంగీతం: పాత జంగం కథలో పరిమితంగా ఉండే బాణీలకు నాటక పద్యాల రాగచ్ఛాయలను, శాస్త్రీయ సంగీత ఫణితులను చేర్చాడు. ఘట్టాన్నిబట్టి బాణీ, నడక మార్చేవాడు.
* అభినయం: కథకుడు నిలిచినచోటనే నిలవక రంగమంతా కలయదిరుగుతూ, తంబురనే ఒకసారి కత్తిగా, మరొకసారి గుర్రపు కళ్ళెంగా చూపుతూ దృశ్యాన్ని కళ్ళకు కట్టించే పద్ధతి ఈయన ద్వారా బాగా వ్యాప్తిలోనికి వచ్చింది.
* భాష: పల్లె ప్రజల వాడుకమాట, సామెత, నుడికారం కథకు ఆధారం. ఉదాత్త ఘట్టాలలో నాటకపు పద్యశైలి తొంగిచూస్తుంది.
* వంతల పాత్ర: హాస్యం, రాజకీయం చెప్పేవారిని కేవలం పల్లవి అందుకొనేవారిగా గాక, కథను ముందుకు నడిపే పాత్రలుగా ఉపయోగించాడు.

బుర్రకథకు అందరూ కూర్చుని చూచే ఎత్తైన వేదిక, దూరం వరకు వినిపించే ధ్వనివర్ధకాలు సమకూడడం కూడా ఈ కాలంలోనే జరిగింది. రచ్చబండ వద్ద వందమంది వినే కథ మైదానంలో వేలమందికి చేరింది. ఆ పరిమాణానికి తగిన గొంతు, కదలిక నాజర్‌లో ఉన్నాయి.

ప్రధానమైన కథలు

బెంగాల్ కరువు

1943లో బెంగాలులో సంభవించిన ఘోరమైన కరువులో సుమారు ముప్పది లక్షలమంది మరణించారని అంచనా. పంట పూర్తిగా పోవడం కంటె యుద్ధకాలపు విధానాలు, దొంగనిలువలు, ధరల పెరుగుదల దీనికి ఎక్కువ కారణమని తరువాతి పరిశోధకులు తేల్చారు. ప్రజానాట్య సంఘం దేశవ్యాప్తంగా ప్రదర్శనలిచ్చి బాధితులకు విరాళాలు సేకరించింది. నాజర్ ఈ కరువును ఇతివృత్తంగా తీసికొని బుర్రకథ చెప్పాడు. రాజుల యుద్ధాలు, దేవతల మహిమలు వినడానికి అలవాటుపడిన శ్రోతలకు తమ కాలంలోనే, తమవంటి రైతుకూలీలకే జరిగిన విపత్తు కథగా వినిపించింది. బెంగాలు ఎక్కడున్నదో ఎరుగని గుంటూరు జిల్లా గ్రామస్థునికి ఆకలి అనే సంబంధంతో ఆ దేశం దగ్గరయింది. వార్తాపత్రిక చదువలేనివారికి బుర్రకథే వార్తాపత్రికగా పనిచేసిన ఉదాహరణ ఇది.

పల్నాటి యుద్ధం

నాజర్ పేరు చెప్పగానే ముందుగా గుర్తుకు వచ్చేది పల్నాటి యుద్ధం. పన్నెండవ శతాబ్దంలో గురజాల, మాచెర్ల రాజ్యాల నడుమ జరిగిన ఈ దాయాదుల పోరు శ్రీనాథుని పల్నాటి వీరచరిత్ర ద్వారా సాహిత్యంలో స్థిరపడింది. కోడిపందెంలో ఓడిన మాచెర్ల వారు అరణ్యవాసానికి పోవడం, రాయబారానికి వచ్చిన అలరాజు విషప్రయోగానికి బలికావడం, నాగులేటి ఒడ్డున కారంపూడి వద్ద వీరులందరూ నేలకొరగడం ఇందలి ముఖ్య ఘట్టాలు. నాయకురాలు నాగమ్మ, బ్రహ్మనాయుడు, బాలచంద్రుడు, మాంచాల, కన్నమదాసు తెలుగువారికి సుపరిచితమైన పాత్రలు.

బ్రహ్మనాయుడు అన్ని కులాలవారిని ఒకే చాపపై కూర్చుండబెట్టి భోజనం పెట్టిన చాపకూడు ఈ కథలోనిది. మాల కులస్థుడైన కన్నమదాసు సేనానిగా నిలిచినదీ ఈ కథలోనే. కులభేదాలను ప్రశ్నించే ఈ గాథను, ఆ భేదాల వలన అవమానపడిన కులంలో పుట్టిన కళాకారుడు చెప్పడంలో ప్రత్యేకత ఉన్నది. పైగా ఈ కథ జరిగిన నేల నాజర్ పుట్టిన జిల్లాలోనిదే. వినుకొండ, నరసరావుపేట, మాచెర్ల, గురజాల ప్రాంతాల శ్రోతలకు ఇందలి ఊళ్ళు, వాగులు కళ్ళముందు ఉన్నవే. ఈ ప్రాంతమంతా 2022లో పల్నాడు జిల్లాగా ఏర్పడింది.

బొబ్బిలి యుద్ధం

1757 జనవరి 24న బొబ్బిలి కోటపై ఫ్రెంచి సేనాని బుస్సీ సేనలు, విజయనగర రాజు విజయరామరాజు బలాలు కలసి జరిపిన దాడి ఈ కథకు వస్తువు. కోట నిలువదని తెలిసిన తరువాత రంగారావు, ఆయన వీరులు చేసిన పోరాటం, కోటలోని స్త్రీల మరణం, తాండ్ర పాపారాయుడు విజయరామరాజును ఆయన గుడారంలోనే వధించడం ఇందలి ఘట్టాలు. ఉత్తరాంధ్రలో జంగం కథగా ప్రసిద్ధమైన ఈ గాథను నాజర్ తన పద్ధతిలో తీర్చి చెప్పాడు. పరదేశ సైన్యం ఎదుట తలవంచని కోట కథ స్వాతంత్ర్యోద్యమ కాలంలో శ్రోతలను సహజంగానే ఉత్తేజపరచింది.

అల్లూరి సీతారామరాజు

1922 – 24 మధ్య విశాఖ, గోదావరి మన్యంలో బ్రిటిషు ప్రభుత్వంపై తిరుగుబాటు జరిపి 1924 మే 7న మరణించిన అల్లూరి సీతారామరాజు కథ బుర్రకథ దళాలన్నింటికీ ప్రియమైనది. నాజర్ పుట్టేనాటికి సీతారామరాజు జీవించి ఉన్నాడు. అనగా అది చరిత్రకంటె సమకాలీన గాథ అనదగినది. నాజర్ కథనం ద్వారా, తరువాత చలనచిత్రం ద్వారా ఈ కథ మారుమూల గ్రామాలకు కూడా చేరింది.

ఇతర కథలు

ప్రహ్లాద, క్రీస్తు చరిత్రలను కూడా నాజర్ బుర్రకథలుగా చెప్పాడు. ఒక ముస్లిం కళాకారుడు, అందునా కమ్యూనిస్టు సానుభూతిపరుడు, వైష్ణవ భక్తుని కథను, క్రీస్తు కథను చెప్పడాన్ని ఆనాటి శ్రోతలు సహజంగానే స్వీకరించారు.

నిర్బంధాలు, చలనచిత్రాలు

1947 జనవరిలో మద్రాసు రాష్ట్రంలో ప్రకాశం మంత్రివర్గం జారీచేసిన ఆర్డినెన్సు కమ్యూనిస్టుల కార్యకలాపాలపై ఆంక్షలు విధించింది. తెలంగాణ సాయుధ పోరాటం తీవ్రమైన తరువాత, ముఖ్యంగా 1948 నుండి, కోస్తా జిల్లాలలో కూడా నిర్బంధం పెరిగింది. ప్రజానాట్యమండలి ప్రదర్శనలు దాదాపుగా ఆగిపోయాయి. కొందరు కళాకారులు జైళ్ళ పాలయ్యారు, కొందరు అజ్ఞాతవాసంలోనికి వెళ్ళారు. గరికపాటి రాజారావు, మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి వంటివారు మద్రాసు చేరి సినిమారంగంలో ప్రవేశించారు.

నాజర్ కూడా కొన్ని చలనచిత్రాలలో బుర్రకథలు చెప్పాడు.

* పుట్టిల్లు (1953): గరికపాటి రాజారావు దర్శకత్వంలో వచ్చిన చిత్రం. నటి జమునకు ఇది తొలి చిత్రం. ఆర్థికంగా విజయం పొందలేదు.
* అగ్గిరాముడు (1954): నందమూరి తారక రామారావు, భానుమతి నటించిన ఈ చిత్రంలోని అల్లూరి సీతారామరాజు బుర్రకథ విశేషంగా ప్రజాదరణ పొందింది.
* నిలువు దోపిడి (1968)
* పెత్తందార్లు (1970)

అగ్గిరాముడులోని బుర్రకథ నాజర్ కళకు మిగిలిన విలువైన దృశ్యసాక్ష్యం. రాత్రంతా సాగే కథలో కొన్ని నిమిషాల భాగం మాత్రమే ఇందులో ఉన్నదని గుర్తుంచుకొనాలి. శ్రోతల స్పందననుబట్టి పెరిగే, తరిగే కథనం, అప్పటికప్పుడు అల్లే హాస్యం, వంతలతో వాదోపవాదాలు చలనచిత్రంలో ఇమడలేదు. సినిమాలు కీర్తిని విస్తరింపజేసినా నాజర్ మద్రాసులో స్థిరపడిపోలేదు. ఆయన ప్రధాన రంగం పల్లెటూరి వేదికే.

నాటక రచన

నాజర్ ఆసామి అనే నాటకాన్ని రచించి ప్రదర్శించాడు. ఈ నాటకానికి ఆంధ్ర నాటక కళా పరిషత్తు బహుమతి లభించింది. పల్లె వాడుకలో ఆసామి అంటే భూమి కలిగిన రైతు. బాలనటుడుగా ఇతరులు వ్రాసిన పద్యాలు పాడిన వ్యక్తి తరువాత తన ప్రాంతపు జీవితాన్ని నాటకంగా మలచే స్థాయికి ఎదిగాడు.

సమకాలికులతో పోలిక

నాజర్ చేసిన పని ఆ కాలంలో ఇతర భాషలలో కూడా జరిగింది. మహారాష్ట్రలో 1920లోనే జన్మించిన అణ్ణాభావు సాఠే, ఆయన సహచరుడు అమర్ షేక్ మరాఠీ పోవాడా అనే వీరగాథా రూపంలో కార్మికుల సమస్యలను పాడారు. సాఠే అస్పృశ్యులుగా పరిగణింపబడిన మాంగ్ కులంలో జన్మించాడు. అమెరికాలో వుడీ గత్రీ (1912 – 1967) 1930లలో ధూళి తుఫానుల వలన పొలాలు విడిచి వలసపోయిన రైతుల కష్టాలను పాత జానపద బాణీలలో క్రొత్త పాటలుగా కట్టి, గిటారు మీటుతూ ఊరూరా పాడాడు. వినేవారికి చిరపరిచితమైన బాణీలో వారి నేటి కష్టాన్ని చెప్పడం అందరిలోను సమానంగా కనిపించే పద్ధతి.

ఐతే ఒక భేదం ఉన్నది. గత్రీ వంటి గాయకుడు చిన్న చిన్న పాటలతో పనిచేశాడు. నాజర్‌ది గంటల తరబడి సాగే కథ. ఒక పాటను విని నేర్చుకొని ఇతరులు పాడవచ్చు. బుర్రకథకు ముగ్గురి సమన్వయం, ఏళ్ళ సాధన, రాత్రంతా కూర్చుని వినే శ్రోతలు కావాలి. అందువలన నాజర్ కళ ఆయన తరువాత సులభంగా కొనసాగేది కాదు.

స్వంత జిల్లాలో పోల్చదగినవాడు వినుకొండలో 1895లో జన్మించిన మహాకవి గుర్రం జాషువా. అంటరానితనం అనుభవించిన జాషువా ఆ వేదనను గబ్బిలం (1941) వంటి పద్యకావ్యాలలో చెప్పి పండితులచేత తలలూపించాడు. ప్రౌఢమైన పద్యవిద్యను వశం చేసికొనడం జాషువా మార్గం కాగా, చిన్నచూపుకు గురైన జానపద కళను ఉన్నతస్థానానికి తీసుకురావడం నాజర్ మార్గం. ఇద్దరూ పుట్టుక వలన వచ్చిన అవమానానికి తమ కళతోనే జవాబిచ్చారు.

పురస్కారాలు

1986లో భారత ప్రభుత్వం నాజర్‌కు పద్మశ్రీ పురస్కారం ప్రకటించింది. శాస్త్రీయ సంగీత నృత్యాలకు లభించే గుర్తింపు ఒక బుర్రకథకునికి లభించడం ఆ కళకే గౌరవంగా భావించబడింది. హరికథకు నారాయణదాసు ఎట్లో బుర్రకథకు నాజర్ అట్లని భావించి ప్రజలు ఆయనను బుర్రకథ పితామహుడని పిలుచుకొన్నారు. ఈ కళను ఆయన మొదటిసారి సృష్టించలేదు. దానికి నూతనమైన రూపం, స్థాయి కల్పించినందున ఈ బిరుదు అర్థవంతమైనది.

ఆత్మకథ

నాజర్ తన జీవిత విశేషాలను చెప్పగా అంగడాల వెంకట రమణమూర్తి గ్రంథస్థం చేశాడు. దీనికి పింజారి అని పేరు పెట్టారు. పద్మశ్రీ అనీ, పితామహుడనీ ఎన్నో బిరుదులున్న వ్యక్తి తన జీవితగాథకు తిట్టుగా వాడబడే కులనామాన్ని శీర్షికగా స్వీకరించడం గమనించదగినది. ఎవరైనా ఎత్తిపొడిచే మాటను తానే ముందుగా గ్రంథంపై అచ్చువేయించి, ఆ మాటలోని చులకనను తొలగించాడు. ప్రత్తి ఏకే వృత్తి నిజాయితీగల శ్రమ అనే భావం ఆ శీర్షికలో ధ్వనిస్తుంది. పేదరికం, నాటక సమాజాల లోకం, ప్రజానాట్యమండలి ఉద్యమం వంటి విషయాలు ఒక కళాకారుని అనుభవంగా తెలియడం వలన, తెలుగు ఆత్మకథలలో దీనికి ప్రత్యేక స్థానం ఉన్నది.

మరణం, ప్రభావం

షేక్ నాజర్ 1997 ఫిబ్రవరి 22న తన 78వ యేట మరణించాడు. 2020 ఆయన శతజయంతి సంవత్సరం.

నాజర్ ప్రభావం బుర్రకథను దాటి కూడా కనిపిస్తుంది. రాజకీయ పక్షాలన్నీ తమ ప్రచారానికి ఈ కళను ఆశ్రయించాయి. ప్రభుత్వం కుటుంబ నియంత్రణ, చిన్నమొత్తాల పొదుపు, అక్షరాస్యత వంటి కార్యక్రమాల ప్రచారానికి బుర్రకథ దళాలను వినియోగించింది. ఆకాశవాణి బుర్రకథలను ప్రసారం చేసింది. తెలుగు సినిమాలలో బుర్రకథ ఘట్టాలు తరచుగా చోటు చేసుకొన్నాయి. ఒకప్పుడు ప్రభుత్వాల ఆంక్షలకు గురైన కళ తరువాత ప్రభుత్వ ప్రచార సాధనం కావడం చరిత్రలోని వైచిత్రి. ఐతే ప్రచారం కొరకు ఇచ్చిన విషయాన్ని అరగంటలో ముగించే ప్రదర్శనలు పెరిగినకొద్దీ, పల్నాటి యుద్ధం వంటి సుదీర్ఘ కథలను పూర్తిగా చెప్పగల కథకులు తగ్గుతూ వచ్చారు.

సినిమా, ఆ తరువాత టెలివిజను గ్రామాలలోనికి వచ్చిన పిదప రాత్రంతా మేలుకొని కథ వినే అలవాటు సన్నగిల్లింది. గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాలలో తిరునాళ్ళలో, జాతరలలో, కళాపరిషత్తుల వేదికలపై బుర్రకథ దళాలు అప్పుడప్పుడు కనిపిస్తాయి. కథకుడు ఏ కులానికి చెందినవాడని నేడు శ్రోతలు అడగరు. కులవృత్తిగా, భిక్షావృత్తిగా ఉన్న కళను అందరి కళగా మార్చిన తరానికి ఆ ఘనత దక్కుతుంది. ఆ తరంలో పొన్నెకల్లు నాజర్‌ది ప్రథమస్థానం.